ఇద్దరు పొడగరులు ఎందుకు? ఓక్లహోమా థండర్ 2024 వేసవి లెక్క

2024 మే 18 రాత్రి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఓక్లహోమా సిటీ థండర్ సీజన్ డాలస్‌లో ఒక్క పాయింటు తేడాతో ముగిసిపోయింది. స్కోరు 117-116. ఇంకో రెండున్నర సెకన్లు మిగిలాయనగా ఫౌల్ వల్ల దొరికిన ఫ్రీ త్రోల్లో రెండింటిని డాలస్ ఆటగాడు పి.జె. వాషింగ్టన్ లోపల వేశాడు. డాలస్ మావరిక్స్ సిరీస్‌ను 4-2తో గెలుచుకుంది. డాలస్ చుట్టుపక్కల ఉండే వేలాది తెలుగు కుటుంబాల్లో బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు అది పండగ రాత్రి. ఓక్లహోమాకు మాత్రం ఆ వేసవి అంతా ఒకటే ప్రశ్న: లోపం ఎక్కడుంది?

చివరి ఫౌల్‌ను తప్పుపట్టి ఊరుకోవచ్చు. కానీ ఆరు మ్యాచ్‌లూ చూసినవాళ్ల కళ్లముందు మెదిలేది ఆ ఫౌల్ కాదు. డాలస్ సెంటర్లు, అంటే రింగ్ దగ్గర ఆడే పొడగరులు, డెరిక్ లైవ్లీ, డానియెల్ గాఫర్డ్ వంతులవారీగా కోర్టులోకి రావడం, రింగ్ కన్నా పైకి విసిరిన బంతిని గాల్లోనే అందుకుని లోపల దించేయడం, మిస్సయిన షాట్లను మళ్లీ చేజిక్కించుకోవడం. ఒకరు అలసిపోతే రెండోవాడు వచ్చేవాడు. ఓక్లహోమాకు అలాంటి రెండోవాడు లేడు.

ఆ జట్టు బలహీనమైనదేమీ కాదు. 57 విజయాలతో లీగ్‌లోని వెస్ట్ విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. ఎన్‌బీఏ చరిత్రలో ఇంత చిన్న సగటు వయసుతో ఆ స్థానం అందుకున్న జట్టు అంతకుముందు లేదు. సెంటర్ చెట్ హోమ్‌గ్రెన్‌కు అది తొలి సీజన్. 82 మ్యాచ్‌లూ ఆడాడు, సగటున 16.5 పాయింట్లు, మ్యాచ్‌కు రెండుకు పైగా బ్లాక్‌లు, మూడు పాయింట్ల షాట్లలో 37 శాతం. ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. చిక్కంతా బరువుతోనే. సుమారు 94 కిలోలు. అంత ఎత్తుకు అది సన్నని ఒళ్లు.

రీబౌండ్, అంటే మిస్సయిన షాట్ బంతిని పట్టుకోవడం, బాగా ఎగిరేవాడి పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి సగం పని ఎగరకముందే అయిపోతుంది. షాట్ చేతిలోంచి వెళ్లిన క్షణంలోనే ఎదుటివాడిని వీపుతో నెట్టి, రింగ్ కింద చోటు ఆక్రమించాలి. దాన్నే బాక్స్ అవుట్ అంటారు. అందుకు నడుము, తొడలు, బరువు కావాలి. హోమ్‌గ్రెన్ చేతులు ఎంత పొడవైనా, చోటు దగ్గరే ఓడిపోతే బంతి వాటికి అందదు. ఆ సీజన్‌లో రీబౌండ్లలో ఓక్లహోమా లీగ్ అట్టడుగు జట్ల సరసన ఉంది. లీగ్ దశలో వేగం, షూటింగ్ ఆ లోటును కప్పేశాయి. ఆ తర్వాతి నాకౌట్ దశ ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థితో వరసగా ఆరేడు మ్యాచ్‌లు ఆడాలి. అక్కడ ఏ లోటూ దాగదు.

ఇక్కడ తప్పకుండా గుర్తుచేసుకోవాల్సిన సంగతి ఉంది. ఆ ఇద్దరు డాలస్ సెంటర్లూ ఆ జట్టుకు చేరడంలో ఓక్లహోమా చెయ్యి ఉంది. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేదే డ్రాఫ్ట్, ఆ వంతే పిక్. 2023 డ్రాఫ్ట్‌లో డాలస్‌ది పదో పిక్, ఓక్లహోమాది పన్నెండోది. దావిస్ బెర్టాన్స్ జీతం వదిలించుకోవడానికి డాలస్ అతన్ని కూడా జతచేసి పదో పిక్‌ను ఓక్లహోమాకిచ్చి, పన్నెండోది తీసుకుంది. ఓక్లహోమా ఆ పదో పిక్‌తో కేసన్ వాలెస్ అనే గార్డ్‌ను ఎంచుకుంది. డాలస్ పన్నెండో పిక్‌తో లైవ్లీని తీసుకుంది. తర్వాత 2024 ఫిబ్రవరిలో ఓక్లహోమా ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ను డాలస్‌కు ఇచ్చి, బదులుగా 2028లో పిక్‌లు మార్చుకునే హక్కు పుచ్చుకుంది. డాలస్ ఆ పిక్‌నే వాషింగ్టన్ విజార్డ్స్ జట్టుకు పంపి గాఫర్డ్‌ను తెచ్చుకుంది. మూడు నెలలు తిరిగేసరికి ఆ ఇద్దరే ఓక్లహోమాను ఇంటికి పంపారు.

దీన్ని పట్టుకుని జనరల్ మేనేజర్ సామ్ ప్రెస్టీని తప్పుపట్టడం తేలిక. అది సరైన తీర్పు కాదు. రెండు బేరాల్లోనూ ఓక్లహోమాకు విలువైనదే దక్కింది, వాలెస్ ఆ జట్టు డిఫెన్స్‌లో తర్వాత ముఖ్యుడయ్యాడు. అసలు తేడా ఆలోచనలో ఉంది. డాలస్ ఆ ఏడాదే గెలవాలని చూసింది, ఓక్లహోమా రాబోయే ఏళ్ల కోసం దాచుకుంది. 2024 వేసవిలో ఓక్లహోమా మొదటిసారి డాలస్ లాగా ఆలోచించింది.

జూన్‌లో మొదటి అడుగు పడింది. జాష్ గిడ్డీని షికాగోకు పంపి అలెక్స్ కరూసోను తెచ్చుకున్నారు. ఇద్దరూ పొడగరులు కారు. అయినా ఈ బేరం పొడగరుల కథలో భాగమే. గిడ్డీకి బయటి నుంచి షాట్ లేదు. డాలస్ తన సెంటర్‌ను గిడ్డీకి కాపలా పెట్టినట్టే పెట్టి, రింగ్ దగ్గరే ఉంచేసింది. దాంతో ఓక్లహోమా స్టార్ షై గిల్జస్-అలెగ్జాండర్ లోపలికి దూసుకొచ్చిన ప్రతిసారీ ఎదురుగా ఒక గోడ. సిరీస్ చివరికొచ్చేసరికి గిడ్డీ మొదటి అయిదుగురిలో చోటు పోగొట్టుకున్నాడు. షాట్ లేని ఆటగాడు ఒకడుంటే జట్టు సర్దుకోగలదు. షూట్ చేయని సెంటర్‌ను తెచ్చుకోవాలంటే మాత్రం షాట్ లేని గార్డ్‌ను వదులుకోక తప్పదు. అంటే ఈ బేరం తర్వాతి నిర్ణయానికి చోటు చేసింది.

ఆ నిర్ణయం పేరు ఐజాయా హార్టెన్‌స్టైన్. అమెరికాలో పుట్టి జర్మనీలో పెరిగాడు. తండ్రి కూడా బాస్కెట్‌బాల్ ఆటగాడే. 2017 డ్రాఫ్ట్‌లో 43వ పిక్. హ్యూస్టన్, డెన్వర్, క్లీవ్‌లాండ్, లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్, న్యూయార్క్ నిక్స్ అంటూ అయిదు జట్లు తిరిగాడు. 2023 డిసెంబర్‌లో నిక్స్ సెంటర్ మిచెల్ రాబిన్సన్ చీలమండ దెబ్బతినడంతో మొదటి అయిదుగురిలోకి వచ్చి, అక్కడే స్థిరపడ్డాడు. ఏడడుగుల ఎత్తు, సుమారు 113 కిలోల బరువు. సీజన్ సగటు 7.8 పాయింట్లు, 8.3 రీబౌండ్లు.

ఇలాంటి అంకెలున్నవాడికి 2024 జులైలో ఓక్లహోమా మూడేళ్లకు 8.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. మొదటి ఏడాదే 3 కోట్లు. మ్యాచ్‌కు ఎనిమిది పాయింట్లు కూడా చేయని ఆటగాడికి ఇంత డబ్బా అని అప్పట్లో చాలామంది నోరెళ్లబెట్టారు. ఆ ఆశ్చర్యం పోవాలంటే ఎన్‌బీఏ జీతాల పద్ధతి కొంచెం తెలియాలి.

ఐపీఎల్ వేలం చూసేవాళ్లకు దీన్ని చెప్పడం సులువు. ఐపీఎల్‌లో జట్టు పర్సులో ఉన్న దానికి మించి ఒక్క రూపాయి ఖర్చు చేయడానికి వీల్లేదు. ఎన్‌బీఏలో జీతాల పరిమితి, అంటే శాలరీ క్యాప్, అంత గట్టిది కాదు. 2024-25కు అది సుమారు 14.06 కోట్ల డాలర్లు. బయటి ఆటగాడిని కొనాలంటే ఆ పరిమితిలో ఖాళీ ఉండాలి లేదా చిన్న చిన్న మినహాయింపులతో సరిపెట్టుకోవాలి. సొంత ఆటగాడిని నిలుపుకోవడానికి మాత్రం పరిమితి దాటొచ్చు. ఐపీఎల్‌లో రైట్ టు మ్యాచ్ కార్డు ఉన్న జట్టు ఎదుటివాళ్ల ధర ఇచ్చి తన ఆటగాడిని వెనక్కి తెచ్చుకున్నట్టు. కానీ ఎన్‌బీఏలో ఆ హక్కు పూర్తిగా దక్కాలంటే ఆటగాడి ఖాతాలో మూడు సీజన్లు ఉండాలి. రెండే అయితే సగం హక్కు దక్కుతుంది. పాత జీతానికి 175 శాతం వరకు, లేదంటే లీగ్ సగటు జీతం కన్నా కాస్త ఎక్కువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అక్కడితో ఆగాలి.

హార్టెన్‌స్టైన్ నిక్స్‌లో చేరింది 2022లో, రెండేళ్ల ఒప్పందంతో. అందుకే నిక్స్ చేయి కట్టేసినట్టయింది. వాళ్లు ఇవ్వగలిగిన గరిష్ఠం మొదటి ఏడాది దాదాపు 1.62 కోట్ల డాలర్లు, నాలుగేళ్లకు 7.25 కోట్లు. అతను ఉండాలని వాళ్లకు ఎంత ఉన్నా, యజమాని దగ్గర ఎంత డబ్బున్నా, అంతకుమించి ఒక్క డాలరు కలపడానికి నియమం ఒప్పుకోదు. నాలుగేళ్లకు 7.25 కోట్లా, మూడేళ్లకు 8.7 కోట్లా అన్నప్పుడు 26 ఏళ్ల ఆటగాడు ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు. 2022లో ఆ ఒప్పందం మూడేళ్లకు రాసి ఉంటే న్యూయార్క్ కథ మరోలా ఉండేది.

ఓక్లహోమా చేతిలో అంత ఖాళీ ఎందుకుంది? హోమ్‌గ్రెన్, జేలెన్ విలియమ్స్ ఇద్దరూ 2022 డ్రాఫ్ట్‌లో వచ్చారు. డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వచ్చిన ఆటగాడి జీతం మొదటి నాలుగేళ్లు ముందే ఖరారై ఉంటుంది, అదీ తక్కువే. ఇద్దరూ స్టార్ స్థాయిలో ఆడుతున్నా జీతాలు మాత్రం కొత్తవాళ్లవే. ఈ వెసులుబాటు ఏ జట్టుకైనా రెండు మూడేళ్లకు మించి ఉండదు. 2026-27లో ఇద్దరికీ పెద్ద జీతాలు మొదలవుతాయని 2024లోనే తెలుసు. మధ్యలో ఉన్నవి రెండు సీజన్లు.

ఆ రెండు సీజన్ల కిటికీకి సరిపోయేలా ప్రెస్టీ రాసిన ఒప్పందాన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆటగాడి ఎంపిక కన్నా ఇదే గొప్ప పని. మామూలుగా జీతం ఏటా పెరుగుతుంది. ఇక్కడ 3 కోట్లతో మొదలై రెండో ఏడాది 2.85 కోట్లకు తగ్గుతుంది. మూడో ఏడాది కూడా 2.85 కోట్లే. ఆ మూడో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. అంటే నిజంగా కట్టుబడింది రెండేళ్లకు, 5.85 కోట్లకు. ఖాళీ ఉన్న ఏళ్లలో ఎక్కువ ఇచ్చి, ఇరుకు మొదలయ్యే ఏడాదికి తలుపు తెరిచి ఉంచుకున్నారు. అదే వేసవిలో బ్రూక్లిన్ తన సెంటర్ నిక్ క్లాక్స్‌టన్‌కు నాలుగేళ్లకు 9.7 కోట్లు ఇచ్చింది. ఏడాది లెక్కన అది చవక. ఓక్లహోమాకు మాత్రం ఆ నాలుగో ఏడాదే ప్రమాదం. జీతాల మొత్తం సెకండ్ ఏప్రన్ అనే గీత దాటిన జట్టు మీద కొత్త నియమాలు చాలా ఆంక్షలు పెడతాయి. ట్రేడ్‌లో ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకునే వీలుండదు, బయటి ఆటగాళ్లను చేర్చుకునే మినహాయింపులు పోతాయి. అలాంటి చోట ఏడాదికి కొంచెం ఎక్కువ ఇచ్చి, ఏళ్లు తక్కువ చేసుకోవడమే తెలివి.

డబ్బు సరే, ఆట మాటేమిటి? హార్టెన్‌స్టైన్ విలువ పాయింట్ల పట్టికలో కనిపించేది కాదు. మొదటిది స్క్రీన్, అంటే కాపలావాడి దారికి ఒంటితో అడ్డు నిలబడటం. గిల్జస్-అలెగ్జాండర్ లాంటి ఆటగాడికి కాపలావాడిని అర సెకను ఆపే మనిషి దొరికితే చాలు. 113 కిలోల ఒళ్లు అందుకు పనికొస్తుంది. రెండోది, ఆ స్క్రీన్ తర్వాత రింగ్ వైపు కదిలి మధ్యలో బంతి అందుకున్నప్పుడు అతను తీసుకునే నిర్ణయం. అక్కడ చాలామంది సెంటర్లు తడబడతారు. హార్టెన్‌స్టైన్ ఒక చేత్తో బంతిని మెత్తగా పైకి తోసి లోపల వేయగలడు, ఎవరైనా అడ్డొస్తే మూలనున్నవాడికి పాస్ ఇవ్వగలడు. మూడోది రీబౌండ్, దాని గురించి పైన చెప్పుకున్నదే.

ఇంకో పెద్ద ప్రయోజనం హోమ్‌గ్రెన్‌కు. బలిష్ఠులైన సెంటర్లతో 82 మ్యాచ్‌లు తోపులాడే పని తప్పుతుంది. బయట షూట్ చేసే పవర్ ఫార్వర్డ్‌గా ఆడుతూ, అవతలి వైపు పక్క నుంచి వచ్చి బ్లాక్ చేయొచ్చు. ఇద్దరు పొడగరులను ఒకేసారి ఆడిస్తే సాధారణంగా కోర్టు ఇరుకైపోతుంది. ఇద్దరిలో ఒకడికి మూడు పాయింట్ల షాట్, మరొకడికి పాస్ ఉంటే అంత ఇరుకవదు. మిన్నెసోటా అదే 2024లో రూడీ గోబేర్, కార్ల్-ఆంథనీ టౌన్స్ జంటతో అప్పటి చాంపియన్ డెన్వర్‌ను ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఓడించి ఈ దారి చూపించింది.

కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన జంట అక్టోబర్‌లో విడిపోయింది, అదీ కలవకముందే. సీజన్‌కు ముందు మ్యాచ్‌లో హార్టెన్‌స్టైన్ ఎడమ చేతి ఎముక విరిగింది. మొదటి 15 మ్యాచ్‌లు పోయాయి. నవంబర్ 10న గోల్డెన్ స్టేట్‌తో ఆడుతూ హోమ్‌గ్రెన్ కిందపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. మూడో సెంటర్ జేలిన్ విలియమ్స్ (పేరు దగ్గరగా ఉన్నా జేలెన్ వేరు) అప్పటికే గాయంతో బయట ఉన్నాడు. జట్టులో సెంటర్ అన్నవాడే లేడు. ఆరున్నర అడుగులున్న జేలెన్ విలియమ్స్ మ్యాచ్ మొదట్లో జంప్ బాల్‌కు నిలబడ్డాడు. నవంబర్ 20న హార్టెన్‌స్టైన్ తిరిగొచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చారు.

హోమ్‌గ్రెన్ మళ్లీ ఆడింది ఫిబ్రవరి 7న. సీజన్ మొత్తం మీద అతను ఆడినవి 32 మ్యాచ్‌లే. ముందు ఏడాది జట్టుకు ఇలా జరిగి ఉంటే సీజన్ అక్కడితో కుప్పకూలేది. ఈసారి హార్టెన్‌స్టైన్ 57 మ్యాచ్‌ల్లో సగటున 11.2 పాయింట్లు, 10.7 రీబౌండ్లు, 3.8 అసిస్ట్‌లతో మధ్య స్థానాన్ని నిలబెట్టాడు. జట్టు 68 గెలిచి 14 ఓడింది. మ్యాచ్‌కు సగటున 12.9 పాయింట్ల తేడాతో గెలిచి, 1971-72 నాటి లేకర్స్ రికార్డును దాటేసింది. ఇద్దరిని కలిపి ఆడించడం కోసం తెచ్చుకున్న మనిషి, ఒకరు లేనప్పుడు మరొకరిగా ఎక్కువ ఉపయోగపడ్డాడు. 8.7 కోట్లకు అర్థం అప్పుడే తెలిసింది.

ప్లేఆఫ్స్‌లో ఈ జంటకు నిజమైన పరీక్ష డెన్వర్ రూపంలో వచ్చింది. ఆ జట్టు సెంటర్ నికొలా యోకిచ్‌ను ఒకరితో ఆపడం ఎవరి తరమూ కాదు. కోచ్ మార్క్ డెయిగ్‌నాల్ట్ హార్టెన్‌స్టైన్ బరువును వాడాడు, హోమ్‌గ్రెన్ చేతులను వాడాడు. ఏడో మ్యాచ్‌కు ఎవరూ ఊహించనిది చేశాడు. 6 అడుగుల 5 అంగుళాల కరూసోను యోకిచ్ ముందు పెట్టాడు. కరూసో బంతి అందకుండా ముందు నుంచి అడ్డుకోవడం, పైనుంచి పాస్ వస్తే వెనక ఉన్న పొడగరి చూసుకోవడం. వెనక ఆ భరోసా లేకపోతే ఈ ఎత్తుగడ ఆలోచించడానికే సాహసం చాలదు. యోకిచ్ 20 పాయింట్ల దగ్గర ఆగాడు, ఓక్లహోమా 125-93తో గెలిచింది. తేదీ 2025 మే 18, డాలస్‌లో ఓడిన రాత్రికి సరిగ్గా ఏడాది.

ఫైనల్స్‌లో కథ తిరగబడింది. ఇండియానా పేసర్స్ వేగంగా పరిగెత్తే జట్టు. వాళ్ల అప్పటి సెంటర్ మైల్స్ టర్నర్ బయటి నుంచి షూట్ చేస్తాడు. 68 మ్యాచ్‌లు గెలిచిన జట్టు మొదటి మ్యాచ్‌కే తన అయిదుగురిని మార్చింది. హార్టెన్‌స్టైన్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టి వాలెస్‌ను దించింది. అవును, 2023లో లైవ్లీకి రెండు స్థానాల ముందు ఎంచుకున్న ఆ వాలెస్‌నే. టైరీస్ హాలిబర్టన్ చివరి క్షణంలో వేసిన షాట్‌తో ఇండియానా 111-110తో గెలిచింది. మూడు మ్యాచ్‌లయ్యేసరికి ఇండియానాదే 2-1 ఆధిక్యం. అప్పుడు నాలుగో మ్యాచ్‌కు డెయిగ్‌నాల్ట్ హార్టెన్‌స్టైన్‌ను మళ్లీ మొదట్లోనే దించాడు. ఇద్దరు పొడగరుల అయిదుగురితో 111-104తో గెలిచి సిరీస్ సమం చేసింది.

మొదటి మ్యాచ్ మార్పు తొందరపాటే. ప్లేఆఫ్స్‌లో అక్కడిదాకా గెలిపించిన అమరికను ఒక్క మ్యాచ్ కూడా చూడకుండా వదులుకోవాల్సిన అవసరం లేదు. అయితే ఆ తప్పును దిద్దుకునే వీలు అతని చేతిలో ఉంది. ముందు ఏడాది డాలస్ ముందు లేనిది అదే. జూన్ 22న ఏడో మ్యాచ్‌లో 103-91తో ఓక్లహోమా చాంపియన్ అయింది. హోమ్‌గ్రెన్ 18 పాయింట్లు చేసి అయిదు బ్లాక్‌లు వేశాడు. ఏడాది పొడవునా తోపులాటలో నలిగిన శరీరంతో జూన్ చివర్లో అలా ఆడగలిగేవాడా అన్నది ఆలోచించాల్సిన విషయం.

న్యూయార్క్ సంగతి కూడా చెప్పుకోవాలి. హార్టెన్‌స్టైన్ వెళ్లిపోయాడు, రాబిన్సన్ చీలమండ శస్త్రచికిత్స నుంచి ఇంకా కోలుకోలేదు. ప్రెషస్ అచువాను నిలుపుకున్నా సరిపోలేదు. సీజన్ మొదలవడానికి కొన్ని వారాల ముందు జూలియస్ రాండిల్, డాంటే డివిన్‌చెంజోలను ఇచ్చి మిన్నెసోటా నుంచి టౌన్స్‌ను తెచ్చుకున్నారు. అతను సగటున 24.4 పాయింట్లు, 12.8 రీబౌండ్లు చేశాడు. పాతికేళ్ల తర్వాత నిక్స్ ఈస్ట్ ఫైనల్స్ చేరింది. అక్కడ ఇండియానా చేతిలో రెండు మ్యాచ్‌లు ఓడాక, రాబిన్సన్‌ను టౌన్స్ పక్కన మొదటి అయిదుగురిలోకి తెచ్చారు. వాళ్లు కూడా ఇద్దరు పొడగరుల దగ్గరికే చేరారు, కాకపోతే మే నెలాఖరులో. మూడో మ్యాచ్ గెలిచారు, సిరీస్ 4-2తో పోయింది. ఓక్లహోమా ఆ ప్రశ్నకు జవాబు జులైలోనే కొనుక్కుంది.

2025 వేసవిలో ఓక్లహోమా ఆ కిటికీ మూసుకుపోయే రోజుకు సిద్ధపడటం మొదలుపెట్టింది. హోమ్‌గ్రెన్‌కు అయిదేళ్లకు 25 కోట్ల డాలర్ల దాకా, జేలెన్ విలియమ్స్‌కు 28.7 కోట్ల దాకా వెళ్లగల ఒప్పందాలు. రెండూ 2026-27 నుంచి అమలు. జేలిన్ విలియమ్స్‌ను మూడేళ్లకు 2.4 కోట్లతో నిలుపుకున్నారు. డ్రాఫ్ట్‌లో పదిహేనో పిక్‌తో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం సెంటర్ థామస్ సోర్బర్‌ను తీసుకున్నారు. బలమైన ఒళ్లు, పాస్ ఇవ్వగల చేతులు, నాలుగేళ్ల చిన్న జీతం. హార్టెన్‌స్టైన్ చోటుకు మనిషిని సిద్ధం చేస్తున్నారని వేరే చెప్పనక్కర్లేదు. ఆ సెప్టెంబర్‌లోనే సోర్బర్ కుడి మోకాలి లిగమెంట్ తెగింది. 2025-26 సీజన్ అంతా అతను ఆటకు దూరం. దాంతో 2026 వేసవికి పెట్టుకున్న ఆ 2.85 కోట్ల ఆప్షన్, అంటే హార్టెన్‌స్టైన్ మూడో ఏడాది మీద నిర్ణయం, అప్పటికి ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ కూడా ఆడని కుర్రాడి మోకాలితో ముడిపడిపోయింది.